వాన ఆపని మాంత్రికుడు

కొండదారిలో ఇద్దరు నడుస్తున్నారు. ముందు ఒక పెద్దాయన, వెనక 13 ఏళ్ళ కుర్రాడు. పెద్దాయన పేరు ఓజియన్. భూకంపాన్ని మాటతో అణచినవాడని ఆ దీవిలో అందరూ చెప్పుకునే మాంత్రికుడు. కుర్రాడు ఆయనకి కొత్త శిష్యుడు. బయల్దేరి రోజులు గడుస్తున్నా ఇంకా ఒక్క మంత్రమూ నేర్పలేదు. చీకటిపడే వేళకి వాన పట్టుకుంది. ఆ దేశంలో చిల్లర మంత్రగాడు కూడా నాలుగు మాటలు గొణిగి మబ్బుని పక్క ఊరి మీదికి తోసేస్తాడు. పక్క ఊరివాడు ఆ పక్కకి తోస్తాడు. ఓజియన్ మాత్రం ఆ పని చెయ్యడు. దట్టంగా ఉన్న చెట్టు ఒకటి చూసుకుని దాని కింద పడుకుంటాడు. కుర్రాడు నీళ్ళు కారే పొదల మధ్య ముడుచుకుని, వానని కూడా ఆపుకోని మనిషికి ఇంత శక్తి ఎందుకని లోపల్లోపల ఉడికిపోతుంటాడు.

అర్సులా కె. లె గ్విన్ 1968లో ప్రచురించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవలలో ఈ ఘట్టం పట్టుమని ఒక పేజీ ఉండదు. అందులో ఎన్ని పనులు జరిగాయో చూడండి. ఈ లోకంలో మంత్రం వింత కాదని, గొడుగు పట్టినంత మామూలుగా వాడతారని తెలిసింది. శక్తి ఎంత పెద్దదైతే దాన్ని వాడే చెయ్యి అంత వెనకాడుతుందని తెలిసింది. గురువు ఎలాంటివాడో తెలిసింది. శిష్యుడికి అది అర్థం కాలేదనీ తెలిసింది. వీటిలో ఏదీ రచయిత్రి మనకి వివరించి చెప్పలేదు. ఒక వాన కురిపించి, ఒకణ్ణి నిద్రపుచ్చి, ఇంకొకణ్ణి తడిపింది, అంతే. ఆ తడిసిన కుర్రాడి విసుగులోంచే మిగిలిన నవలంతా పుట్టుకొస్తుంది.

ఊహాలోకాలు కల్పించే రచయితలు చాలామంది ముందుగా లోకాన్ని కట్టేస్తారు. రాజ్యాలు, వంశాలు, యుద్ధాలు, మంత్రాల పట్టిక అన్నీ సిద్ధమయ్యాక అందులోకి మనుషుల్ని దింపుతారు. ఆ మనుషుల్ని తీసి ఇంకో లోకంలో పెట్టినా కథ నడిచిపోతుంది. లె గ్విన్ దగ్గర అలా కుదరదు. ఎర్త్‌సీని నడిపే నియమమూ, ఆ కుర్రాడిలోని లోపమూ పడుగూ పేకలా ఒకే మగ్గం మీద నేసినవి. ఒకటి లాగితే రెండోది కదులుతుంది. ఆమె పనితనంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే.

ఈ నవల పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. లె గ్విన్ 1929లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో పుట్టింది. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త, తల్లి థియోడోరా రచయిత్రి. 1964లో ఒక పత్రికకి రాసిన రెండు చిన్న కథల్లో మొదటిసారి ఈ దీవుల్ని తాకింది. తర్వాత పార్నసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ, కాస్త పెద్ద పిల్లలు చదివే పుస్తకం రాయమని అడిగింది. అప్పుడు ఆమెకి తట్టిన ప్రశ్న ఒకటే. కథల్లో మాంత్రికులంతా తెల్లగడ్డాల ముసలివాళ్ళే కదా, వాళ్ళు గడ్డాలు రాకముందు ఏం చేసేవాళ్ళు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? మాంత్రికుల బడి అనగానే ఇవాళ మన పిల్లలకి హ్యారీ పాటర్ గుర్తొస్తాడు. అతను మొదటిసారి అచ్చులో కనిపించింది 1997లో. రోక్ దీవిలో లె గ్విన్ బడి తెరిచింది దానికి 29 ఏళ్ళ ముందు.

రాయడానికి కూర్చోగానే ఆమె చేసిన మొదటి పని పటం గీయడం. ఎర్త్‌సీలో ఖండాలు లేవు, అంతా సముద్రమూ దీవులూ. నడుమ హావ్నార్, మేధావుల రోక్, ఈశాన్యాన కొండ దీవి గోంట్, ఉత్తరాన చలిదేశం ఆస్కిల్, పడమట డ్రాగన్లు తిరిగే నీళ్ళు, తూర్పు కొసన ఆస్టోవెల్. దాని అవతల ఏముందో ఎవరికీ తెలియదు. చూడటానికి ఇది అలంకారంలా ఉంటుంది కానీ, కథకి కావలసిన పనులెన్నో ఈ పటమే చేసిపెడుతుంది. దీవుల లోకంలో ఎక్కడికి వెళ్ళాలన్నా పడవ ఎక్కాలి, అంటే ప్రతి ప్రయాణమూ గాలి మీద, నీటి మీద, మనిషి ఓపిక మీద ఆధారపడుతుంది. ప్రతి దీవికీ తనదైన వంట, వాడుక, భయం ఉంటాయి. ఒక దీవివాళ్ళకి ఇంకో దీవి వదంతి మాత్రమే. కాబట్టి రచయిత్రి ఒక్క పేరు చెప్పి ఊరుకున్నా అక్కడ ఇంకో జీవితం జరుగుతోందని మనం నమ్మేస్తాం. ఆ పేర్లలో కొన్ని తన పిల్లలు చిన్నప్పుడు పలికిన ముద్దుమాటల నుంచి వచ్చాయని ఆమే రాసింది. మిగిలినవి చెవికి సరిగ్గా వినిపించేదాకా వెతికినవి. తాను ఈ లోకాన్ని పథకం వేసి కట్టలేదనీ, వెళ్ళి కనుక్కున్నాననీ 1973 నాటి ఒక వ్యాసంలో చెప్పుకుంది. చదివేవాళ్ళకీ అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు నియమం దగ్గరికి వద్దాం. ఎర్త్‌సీలో ప్రతి వస్తువుకీ, ప్రతి ప్రాణికీ ఒక అసలు పేరుంటుంది. అది సృష్టి మొదలైన నాటి భాషలోది. ఆ పేరు తెలిసినవాడికే ఆ వస్తువు మీద అధికారం. మనుషులకి కూడా అంతే. అందుకే ఎవరూ తమ అసలు పేరు బయటికి చెప్పరు, వాడుక పేరుతో బతుకుతారు. మన కుర్రాడి చిన్ననాటి పేరు డ్యూనీ. వేటపక్షులు పిలిస్తే వచ్చి వాలతాయని ఊళ్ళో అతన్ని డేగ అనేవాళ్ళు. 13వ ఏట ఓజియన్ అతని చెవిలో చెప్పిన అసలు పేరు గెడ్.

మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అది దొరికితే ఫకీరు పని అయిపోయినట్టే. అక్కడ రహస్యం బయట ఎక్కడో దాగి ఉంది, దాన్ని వెతికి పట్టుకోవడం వీరుడి పని. లె గ్విన్ ఆ రహస్యాన్ని ప్రతి మనిషి నోట్లోనే పెట్టింది. దాన్ని దొంగిలించడం కంటే, ఎవరికి ఇస్తామన్నదే ఆమె కథల్లో పెద్ద విషయం. ఈ ఒక్క మార్పుతో మంత్రశాస్త్రం కాస్తా స్నేహశాస్త్రం అయింది. రోక్ బడిలో గెడ్ చేసిన తప్పు వల్ల అందరూ అతనికి దూరమైన రోజుల్లో, వెచ్ అనే నల్లని, దిట్టమైన స్నేహితుడు చదువు ముగించి ఊరికి వెళ్తూ తన అసలు పేరు అతనికి చెప్పేస్తాడు. కన్నీళ్ళు, కావలింతలు, ఓదార్పు మాటలు ఏమీ ఉండవు. పేరొక్కటే. ఆ పేరుతో వాణ్ణి చంపనూ వచ్చు, ఆడించనూ వచ్చు. అప్పటిదాకా నియమాన్ని మనకి అంత గట్టిగా నేర్పింది కాబట్టే ఒక్క పదం అంత బరువెక్కింది. స్నేహం మీద అధ్యాయం రాసినా అంత బలం రాదు.

ఇంకో పని గమనించండి. కథలో అందరూ అతన్ని డేగ అనే పిలుస్తారు. కథ చెప్పే గొంతు మాత్రం మొదటి అధ్యాయం చివరి నుంచీ గెడ్ అంటుంది. అంటే అతను లోకం నుంచి దాచుకున్న పేరు మన చేతిలో ఉంది. పాఠకుణ్ణి ఆప్తుడి స్థానంలో కూర్చోబెట్టడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం నేను ఇంకెక్కడా చూడలేదు. అదే రచయిత్రి, బడి ద్వారపాలకుడి పేరు మాత్రం మనకి చెప్పదు. చదువు పూర్తయినవాడు బడి వదిలి వెళ్ళాలంటే ద్వారపాలకుడి అసలు పేరు కనుక్కోవాలి. గెడ్ ఒక రాత్రీ పగలూ తల బద్దలు కొట్టుకుంటాడు. బలంతో లాక్కోలేడు, మాయచేసి రాబట్టలేడు. చివరికి వెళ్ళి, మీ పేరేమిటండీ అని అడుగుతాడు. ఆయన నవ్వి చెప్పేస్తాడు. బడిలో అడుగుపెట్టేటప్పుడు గర్వంతో మిడిసిపడ్డ కుర్రాడు, దెబ్బ తిన్నాక, అడిగితే తప్పులేదని నేర్చుకున్నాడు. పరీక్ష పెట్టింది మంత్రవిద్యకి కాదు. ఆ పేరు మన చెవిన పడకపోవడం కూడా న్యాయమే, మనం అడగలేదు కదా.

ఈ పేర్ల ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. చాలా జాతుల నమ్మకాల్లో ఉన్నదే ఇది. అయితే ఆమె ఇంటి చరిత్రలో ఒక సంగతి ఉంది. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగకి చెందిన చివరి మనిషి ఒక్కడు అడవి నుంచి బయటికి వచ్చాడు. తన పేరు తానే చెప్పుకోవడం ఆ తెగ ఆచారం కాదు. పేరు చెప్పడానికి అతని వాళ్ళెవరూ మిగల్లేదు. క్రోబర్ అతన్ని ‘ఇషీ’ అని పిలిచాడు, వాళ్ళ భాషలో మనిషి అని అర్థం. 1916లో చనిపోయేదాకా అతను అసలు పేరు ఎవరికీ చెప్పలేదు. లె గ్విన్ పుట్టింది ఆ తర్వాతే. ఇషీ జీవితకథని ఆమె తల్లి 1961లో పుస్తకంగా తెచ్చింది. అసలు పేర్ల లోకం మూడేళ్ళకి కథల్లో మొదలైంది. ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చిందని నేను తీర్పు చెప్పను. కానీ పేరు చెప్పకపోవడంలో ఒక మనిషి గౌరవం ఎంత ఉంటుందో ఆ ఇంట్లో పెరిగిన మనిషికి తెలిసి ఉంటుందని నమ్ముతాను.

పేరు తెలిస్తే అధికారం అన్నారు కాబట్టి మాంత్రికుడు సర్వశక్తుడు కావాలి. అక్కడే లె గ్విన్ పగ్గం వేసింది. రోక్‌లో పేర్లు నేర్పే గురువు ఒంటరి బురుజులో ఉంటాడు. ఆయన ఇచ్చిన పేర్ల జాబితా అర్ధరాత్రి లోపు కంఠస్థం చెయ్యాలి, ఆ తర్వాత సిరా మాయమై తోలుకాగితం ఖాళీ అవుతుంది. సముద్రాన్ని శాసించాలంటే సముద్రం పేరొక్కటి తెలిస్తే చాలదు. ప్రతి అఖాతం, ప్రతి జలసంధి, ప్రతి ఇసుకతిన్నె పేరూ తెలియాలి. అంత తెలుసుకునేంత ఆయుష్షు ఎవరికీ లేదు. ఆ విధంగా శక్తికి హద్దు బయటి చట్టం వల్ల కాకుండా, చదువు ఎంతకీ తరగకపోవడం వల్ల ఏర్పడింది. పుస్తకం అంటే ప్రాణంపెట్టే రచయిత్రికే తట్టే ఆలోచన ఇది.

రెండో పగ్గం తూకం. గులకరాయిని వజ్రంలా కనిపించేలా చెయ్యడం కనికట్టు, అది ఎవరికీ నష్టం కాదు. నిజంగా వజ్రంగా మార్చాలంటే మాత్రం లోకాన్ని మార్చాలి. ఒకచోట కురిపించిన వాన ఇంకోచోట కరువు కావచ్చు. కొండదారిలో ఓజియన్ వానని ఎందుకు ఆపలేదో అప్పుడు మనకి తెలిసివస్తుంది. ఈ తూకం సూత్రాన్ని గురువుల ఉపన్యాసాలకే వదిలేస్తే నవల చచ్చుగా ఉండేది. లె గ్విన్ దాన్ని ఒంటికి తగిలేలా రాసింది. ఏడేళ్ళ డ్యూనీ పిన్ని నోట విన్న మాటల్ని సరదాగా అరుస్తాడు, మేకలు వచ్చేస్తాయి. వచ్చినవి పోవు. చుట్టూ మూగి, పసుపు కళ్ళతో చూస్తూ, ఒంటికి ఒళ్ళు రాసుకుంటూ ఊళ్ళోకి వెంటపడతాయి. పిలవడం తెలుసు, పంపడం తెలియదు. 12వ ఏట ఊరి మీదికి శత్రువులు వస్తే పొగమంచు కమ్మించి ఊరిని కాపాడతాడు. శక్తంతా ఖర్చైపోయి మాట పడిపోయి, తిండీ నిద్రా లేక కొయ్యబారిపోతాడు. ఇంకోసారి సముద్రం మధ్య ఇసుకమేట మీద చిక్కుకుని, కొట్టుకొచ్చిన కర్రముక్కల్ని మంత్రాలతో బిగించి పడవ చేసుకుంటాడు. మనసు కాస్త పక్కకి పోయిందా, పడవ విడిపోతుంది. ఆ తర్వాత నిజమైన పడవ కావలసి వచ్చినప్పుడు ఏం చేస్తాడు? ఒక ముసలి జాలరితో బేరమాడతాడు. ఆ ముసలాయన కళ్ళకి పట్టిన పొర తొలగించి, బదులుగా అతని పాత పడవ తీసుకుంటాడు. మహామాంత్రికుడు పల్లెకారుతో బేరమాడే ఆ దృశ్యం నాకు ఎంతో ఇష్టం. దాంతో మంత్రం కూడా ఒక వృత్తి, దానికీ కూలీ, గిరాకీ ఉన్నాయని ఆ లోకం నమ్మకంగా చెబుతుంది.

నమ్మించడంలో వంటింటి పాత్ర కూడా ఉంది. చివరి ప్రయాణానికి ముందు గెడ్ తన స్నేహితుడు వెచ్ ఇంట్లో ఆగుతాడు. వెచ్ చెల్లెలు యారో రొట్టెలు కాలుస్తూ ప్రశ్నలు వేస్తుంది. మంత్రంతో కూడు పుట్టించుకోవచ్చు కదా, ఈ ఎండు రొట్టెలు మోసుకెళ్ళడమెందుకు? పుట్టించవచ్చు కానీ అది మాటలతో చేసిన కూడు, తింటే మాటలే కడుపులోకి పోతాయని జవాబు. పెద్ద బడిలో గురువులు నెలల తరబడి నేర్పిన సిద్ధాంతాన్ని 14 ఏళ్ళ పిల్ల పొయ్యి దగ్గర నిలబడి పది నిమిషాల్లో పరీక్షించేసింది. పాఠకుడు అడగాలనుకున్న ప్రశ్నని పాత్ర చేత అడిగించడం ఎంత అవసరమో, ఎప్పుడు అడిగించాలో తెలియడం అంతకంటే అవసరం. మృత్యువు ఎదురుగా ఉన్న రాత్రికి ముందు ఆ వెచ్చని వంటగది పెట్టడం వల్ల, పోగొట్టుకోబోయేది ఏమిటో మనకి కళ్ళారా కనిపిస్తుంది.

ఇక గెడ్ సంగతి. నవల తొలి వాక్యాల్లోనే ఇతను డ్రాగన్లతో మాట్లాడేవాడూ, మాంత్రికులందరికీ పెద్దా అయ్యాడని చెప్పేస్తుంది. ఇది అంతకుముందు కథ అంటుంది. అంటే బతుకుతాడా లేదా అన్న ఉత్కంఠని రచయిత్రి తన చేతులతో తానే తీసి పక్కన పెట్టింది. మిగిలిన ప్రశ్న, ఎలాంటి మనిషిగా బయటపడతాడు అన్నది. అంత ధైర్యం చాలామంది రచయితలకి ఉండదు.

గెడ్‌కి గర్వం. జాస్పర్ అనే పెద్దింటి కుర్రాడు నవ్వుతూ ఒక మాట అంటే అతనికి ఒళ్ళు మండుతుంది. ఆ జాస్పర్‌ని లె గ్విన్ రాక్షసుడిగా చూపించదు. అతను చేసిందల్లా చులకనగా చూడటమే. అసూయ మంటకి అది చాలు. ఒక రాత్రి పందెం మీద పందెం పెరిగి, గెడ్ చచ్చిపోయినవాళ్ళని పిలవగలనంటాడు, పిలుస్తాడు. తెరుచుకున్న చీలికలోంచి ఒక నీడ దూకి అతని ముఖాన్ని చీలుస్తుంది. ఆ చీలికని మూయడానికి బడిపెద్ద నెమ్మెర్లే తన ప్రాణం ఖర్చు పెడతాడు. ఇక్కడ రచయిత్రి హీరోకి ఏ సాకూ ఇవ్వదు. ఎవరో శపించలేదు, ఎవరో మోసగించలేదు. తన చేతులతో, తన తెలివితో, పదిమంది చూస్తుండగా చేశాడు. ముఖం మీద మచ్చ మిగిలింది, నాలుక తడబడింది, మునుపటి చురుకు పోయింది. మళ్ళీ మామూలు పాఠాలు నేర్చుకోవడానికి కూడా అతనికి చాలాకాలం పడుతుంది. ఆ నెమ్మదిని ఆమె తొందరపడి దాటెయ్యదు.

అతను మారాడని ఎలా తెలుస్తుంది? పెండార్ దీవి డ్రాగన్ దగ్గర తెలుస్తుంది. అప్పటికి ఆ నీడ అతన్ని వేటాడుతోంది. దానికి పేరు లేదని కొందరు గురువులు, ఉందని ఓజియన్. పేరు తెలిస్తే బతుకుతాడు. డ్రాగన్ ఆ పేరు చెబుతానని బేరం పెడుతుంది. గెడ్ పాత చరిత్రలు చదివి డ్రాగన్ అసలు పేరు ఊహించి దాన్ని లొంగదీశాడు. కానీ ఆ పేరుకి బదులు అడగగలిగింది ఒక్కటే. తన ప్రాణానికి కావలసినది అడగాలా, తనని నమ్ముకున్న చిన్న దీవి జనాల్ని ఇక ఎప్పుడూ ముట్టనని మాట తీసుకోవాలా? రెండోదే అడుగుతాడు. నేను మారానని ఒక్కసారి కూడా నోటితో అనడు. పేర్ల నియమం లేకపోతే ఈ త్యాగం పుట్టే అవకాశమే లేదు. లోకమూ మనిషీ విడదీయలేనివని మొదట అన్నది ఇందుకే.

చివరి ఘట్టాన్ని ఇక్కడ విప్పను. ఒక్కటి చెబుతాను. ఆఖరి దీవి కూడా దాటిపోయిన సముద్రంలో జరిగే ఆ కలయికలో కత్తి లేదు, సైన్యం లేదు, మెరుపులు లేవు. ఇద్దరు ఒకే క్షణంలో ఒక మాట పలుకుతారు. ఆ మాట చదువరికి మొదటి నుంచీ తెలిసినదే. అయినా ముందుగా పోల్చుకునేవాళ్ళు తక్కువ.

నడిదారిలో ఒక చిన్న వస్తువు వస్తుంది. కర్రముక్కలతో పడవ చేసుకున్న ఆ ఇసుకమేట మీదే గెడ్‌కి ఒక ముసలి జంట కనబడుతుంది. పసితనంలోనే అక్కడ వదిలేయబడి, మనుషుల మాటలు కూడా మరిచిపోయినవాళ్ళు. ఆ ముసలామె తన దగ్గర మిగిలిన విరిగిన ఉంగరపు ముక్క అతని చేతిలో పెడుతుంది. అప్పటికి అది జాలి పుట్టించే చిన్న సంగతి మాత్రమే. 1971లో వచ్చిన రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో ఆ ముక్కే కథకి ఇరుసు అవుతుంది.

ఈ రెండో పుస్తకాన్ని నేను మొదటిదానికంటే ఒక మెట్టు పైన పెడతాను. మొదటి నవల అంతా గాలీ సముద్రమూ. ఇది ఎడారిలో, నేల కింద, చీకట్లో నడుస్తుంది. టెనార్ అనే పాప ఐదేళ్ళప్పుడే పాత పూజారిణి మళ్ళీ పుట్టిందన్న నమ్మకంతో కన్నవాళ్ళ దగ్గరి నుంచి తేబడింది. పేరు లాగేసుకుని అర్హా అని పిలిచారు, మింగబడినది అని దాని అర్థం. పేర్లే ప్రాణమైన లోకంలో ఒక పిల్ల పేరు లాక్కోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆమె ఏలే సామ్రాజ్యం నేలమాళిగల చిక్కుదారి. అక్కడ దీపం పెట్టకూడదు. ఎన్ని మలుపులు, ఏ చేతి వైపు, ఎన్నో తలుపు అని గోడలు తడుముతూ కంఠస్థం చేసుకుంటుంది. పుస్తకంలో సగం దాకా గెడ్ కనిపించడు. ఆ సగంలో మనం కూడా ఆమె వేళ్ళతోనే ఆ లోకాన్ని చూస్తాం. ఒకరోజు ఆమె కిందికి దిగేసరికి, వెలుతురు ఎన్నడూ చూడని ఆ గుహలో వెలుతురు కనిపిస్తుంది. దొంగ ఒకడు తన కర్ర కొస వెలిగించుకుని నిలబడి ఉన్నాడు. ఆ వెలుతురులో గుహ పైకప్పు నిండా స్ఫటికాలు మెరుస్తుంటాయి. ఇన్నేళ్ళూ తాను పూజారిణిగా ఏలిన చోటు ఎంత అందంగా ఉందో ఆమెకి అప్పుడు మొదటిసారి తెలుస్తుంది. తాను చంపవలసిన మనిషి వల్ల తెలుస్తుంది. ఇలాంటి దృశ్యం ఒక్కటి రాయగలిగితే రచయిత బతుకు ధన్యం.

టెనార్ కూడా మచ్చలేని బాధితురాలు కాదు. ముగ్గురు ఖైదీల్ని చీకట్లో ఆకలిదప్పులతో చావనివ్వమని చిన్న వయసులోనే ఆజ్ఞ ఇచ్చింది, ఆ తర్వాత కలలు పీడించాయి. ఆమె నమ్మకం మొదట కదిలేది గెడ్ వల్ల కూడా కాదు. పెంతే అనే తోటి పిల్ల, ఆపిల్ పండ్లంటే ఇష్టపడే బొద్దు పిల్ల, అక్కడ దేవుడిగా కొలిచే దేవరాజు మీద తనకి నమ్మకం లేదని మాటల మధ్యలో మామూలుగా అనేస్తుంది. ఇంత పెద్ద మతాన్ని అంత చిన్న మాట కదిలించడం ఎంత నిజమో.

గెడ్ చర్మం రాగి రంగు, వెచ్ నలుపు, ఆ లోకంలో తెల్లవాళ్ళు ఊళ్ళ మీద పడే దండు. 1968లో అమెరికాలో పిల్లల పుస్తకంలో ఇది మామూలు విషయం కాదు. లె గ్విన్ దాన్ని చాటింపు వెయ్యలేదు, కథలో మునిగాక మెల్లగా కనబడేలా పెట్టింది. అట్టల మీద బొమ్మలు వేసినవాళ్ళు మాత్రం గెడ్‌ని తెల్లగా వేస్తూ వచ్చారు. 2004లో ఒక టీవీ సిరీస్ కూడా అదే చేస్తే ఆమె బహిరంగంగా నిరసించింది.

1972 నాటి మూడో పుస్తకం ‘ది ఫార్దెస్ట్ షోర్’కి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. చావు భయం గురించి అంత సూటిగా పిల్లలకి చెప్పిన నవల అరుదు. అయినా అందులోని యువరాజు ఆరెన్‌కి టెనార్‌కి ఉన్న రక్తమాంసాలు లేవన్నది నా అభిప్రాయం. ఆలోచన బరువు పెరిగినచోట మనిషి కాస్త పలచబడ్డాడు.

మొదటి మూడు పుస్తకాల్లో ఇంకా పెద్ద లోటు ఒకటుంది. దాన్ని ఎత్తి చూపింది మరెవరో కాదు, రచయిత్రే. రోక్ బడిలో అందరూ మగవాళ్ళు. ఊరి మంత్రగత్తెల విద్య నాసిరకమనీ, చెడ్డదనీ గోంట్‌లో సామెతలున్నాయి. మొదటి నవల వాటిని ప్రశ్నించకుండానే ముందుకు పోయింది. మూడో పుస్తకం వచ్చిన 18 ఏళ్ళ తర్వాత, 1990లో, ‘తెహాను’తో లె గ్విన్ అదే దీవికి తిరిగి వచ్చింది. ఇప్పుడు కథానాయిక నడివయసు విధవ టెనార్. ఆమె చేతిలో మంటల్లో కాలిన ఒక పసిపిల్ల. గెడ్ తిరిగొచ్చాడు, శక్తంతా పోయింది. కోటలు లేవు. మేకలు, పాలకుండలు, అంట్లు, రాత్రిపూట తలుపు గడియ వేసి ఉందో లేదోనన్న భయం. పటం మార్చలేదు, పాత నియమాల్ని రద్దు చెయ్యలేదు. అదే లోకాన్ని గుమ్మం ఇవతలి నుంచి చూసింది. అభిమానుల్లో కొందరికి ఇది నచ్చలేదు. నాకు మాత్రం, తాను కట్టిన ఇంట్లో ఎవరికి చోటివ్వలేదో వెతుక్కుంటూ తిరిగొచ్చిన ఆ నిజాయితీ, మొదటి నవల నైపుణ్యం కంటే గొప్పగా కనిపిస్తుంది.

ఆమె వాక్యం గురించి ఒక మాట. పాత వీరగాథలు చెప్పే గొంతుతో, విశేషణాలు తక్కువగా, క్రియలు గట్టిగా, ఊపిరికి తగ్గ చోట విరిగేలా రాస్తుంది. రచన నేర్చుకునేవాళ్ళ కోసం 1998లో ఆమె తెచ్చిన ‘స్టీరింగ్ ది క్రాఫ్ట్’ పుస్తకం శబ్దం గురించిన అధ్యాయంతోనే మొదలవుతుంది. ఎర్త్‌సీ పుస్తకాల్లో ఏ పేజీనైనా పైకి చదివితే అది ఊరికే చెప్పిన సలహా కాదని తెలుస్తుంది.

2018 జనవరిలో, 88వ ఏట, ఆమె పోర్ట్‌లాండ్‌లో కన్నుమూసింది. ఎర్త్‌సీ పుస్తకాలు ఆరింటినీ కలిపి, ఆమెతో ఏళ్ళ తరబడి సంప్రదించి చార్లెస్ వెస్ వేసిన బొమ్మలతో ఒకే సంపుటం అదే ఏడాది వచ్చింది. అందులో గెడ్ రంగు ఆమె కోరినట్టే ఉంది. కొత్తగా చదివేవాళ్ళు మాత్రం ఆ పెద్ద సంపుటం చూసి జంకక, సుమారు రెండు వందల పేజీలున్న మొదటి నవల ఒక్కదానితో మొదలుపెట్టండి. వరస తప్పించి ‘తెహాను’కి దూకకండి. ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే మేకల ఘట్టాన్ని తెలుగులో మీ మాటలతో చెప్పి చూడండి, తర్వాత ఏమైందని వాళ్ళే అడుగుతారు.